ప్లాంట్లో, మిల్లులో, చెరువు గట్టు మీద సేఫ్టీ ఎవరి పూచీ, ఎలా పంచుకోవాలి

2017 మార్చి 30న మొగల్తూరు దగ్గర రొయ్యల ప్లాంట్లో మురుగు ట్యాంకు క్లీన్ చేస్తూ అయిదుగురు చనిపోయారు, ఆ రోజు నేను వేరే ప్లాంట్లో కంప్రెసర్ రూం డ్యూటీలో ఉన్నా. వార్త తెలిసిన సాయంత్రం మేం ఓ పదిమందిమి మా ప్లాంటు వెనకాల ఉన్న ఈటీపీ (మురుగునీళ్ళు శుద్ధి చేసే) ట్యాంకు దగ్గరికెళ్ళి నిలబడ్డాం. ఎవరో అడిగారు, అసలు ఈ ట్యాంకు ఎవరి బాధ్యత అని. ప్రొడక్షన్ వాళ్ళు మెయింటెనెన్స్ ది అన్నారు, మెయింటెనెన్స్ వాళ్ళం మేం కాంట్రాక్టర్ ది అన్నాం, కాంట్రాక్టర్ మనిషి "నాకేం తెల్సండి, మేనేజర్ గారు దిగమంటే దింపుతా" అన్నాడు. అప్పటికి ఆ ట్యాంకులోకి ఏడాదికి రెండు మూడుసార్లు మనుషులు దిగుతూనే ఉన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి ఎవరూ అడగలేదు, అంతే.

ఈ రాసేదంతా ఆ సాయంత్రం దగ్గర మొదలైందే. భీమవరం, ఆకివీడు, పాలకొల్లు, నరసాపురం చుట్టుపక్కల ప్రాసెసింగ్ ప్లాంట్లు, ఐస్ ఫ్యాక్టరీలు, కోల్డ్ స్టోరేజీలు, తణుకు, మండపేట వైపు రైస్ మిల్లులు, అటు కోనసీమ దాకా చెరువుల మీద పని, వీటిల్లో చేసేవాళ్ళకీ చేయించేవాళ్ళకీ పనికొచ్చేలా రాస్తున్నా. ఓనర్లు కూడా చదవండి, ఇది మీ మీద ఫిర్యాదు కాదు.

ముందు చట్టం సంగతి

చాలా ఏళ్ళు మనకి 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే దిక్కు. కరెంటుతో నడిచే చోట పదిమంది పనిచేస్తే అది ఫ్యాక్టరీ, కరెంటు లేకపోతే ఇరవై మంది. 1984లో భోపాల్ ఘోరం జరిగాక 1987లో ఆ చట్టానికి పెద్ద మార్పులు చేశారు, పనిచేసే మనిషి క్షేమం చూడ్డం ఓనర్ డ్యూటీ అని సూటిగా రాసిందీ, ప్రమాదం ఉందని అడిగే హక్కు కార్మికుడికి రాసిందీ అప్పుడే. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు నాలుగూ అమల్లోకి వచ్చాయి, అందులో సేఫ్టీకి సంబంధించింది 2020లో పార్లమెంటు పాస్ చేసిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్. దీన్లో ఫ్యాక్టరీ అనడానికి లెక్క మారింది, కరెంటుతో అయితే 20 మంది, లేకుండా అయితే 40. అయితే పదిమంది ఉంటే మామూలు సంస్థగా అయినా కోడ్ కిందకి వస్తారు, కాబట్టి "మాది చిన్నదండీ మాకు వర్తించదు" అనే మాట ఎవరన్నా అంటే వెంటనే నమ్మేయకండి, రోల్స్ మీద లేని కాంట్రాక్ట్ మనుషుల్ని కూడా కలిపి తలలు లెక్కపెట్టండి.

ఎవరి వాటా ఎంత అన్నది కోడ్‌లో బాగానే రాశారు. ఓనర్ వాటా పెద్దది. పనిచోట ప్రాణానికి ముప్పు లేకుండా చూడాలి, అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలి, ప్రభుత్వం చెప్పిన వయసువాళ్ళకి ఏడాదికోసారి ఉచితంగా హెల్త్ చెకప్ చేయించాలి, ఇంకోటి చాలామందికి తెలీనిది, సేఫ్టీ కోసం ఇచ్చే దేనికీ మనిషి దగ్గర డబ్బులు తీసుకోకూడదు. గ్లౌజులకి ఇంత, గంబూట్లకి ఇంత అని జీతంలో కోసేయడం మన దగ్గర మామూలైపోయింది, అది తప్పు.

మన వాటా కూడా ఉంది. మన ఒళ్ళు, పక్కవాడి ఒళ్ళు జాగ్రత్తగా చూసుకోవాలి, చెప్పిన సేఫ్టీ రూల్స్ పాటించాలి, ప్రమాదంగా కనిపించింది వెంటనే పైవాళ్ళకి చెప్పాలి, మెషిన్‌కి పెట్టిన గార్డు కావాలని ఊడదీయకూడదు. ఈ ఆఖరిది చాలా ముఖ్యం, ఎందుకంటే కావాలని గార్డు తీసేసి దెబ్బ తగిలించుకుంటే పరిహారం కూడా పోయే అవకాశం ఉంది (చావు, పూర్తి అంగవైకల్యం విషయంలో మాత్రం ఆ సాకు చెల్లదు).

హక్కు వైపు చూస్తే, తక్షణం ప్రాణాపాయం ఉందని సహేతుకంగా అనిపిస్తే ఓనర్‌కి చెప్పొచ్చు, అదే టైంలో ఇన్‌స్పెక్టర్‌కి కూడా చెప్పొచ్చు, ముందు ఈయన్ని అడిగి తర్వాత ఆయన దగ్గరికెళ్ళాలనేం లేదు. ఓనర్ నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే రెండేళ్ళ దాకా జైలు గానీ 5 లక్షలకి తగ్గని జరిమానా గానీ రెండూ గానీ పడతాయి, ఆ జరిమానాలో సగానికి తగ్గకుండా కుటుంబానికి ఇవ్వమని కోర్టు చెప్పొచ్చు.

పేర్లు రాసిన కాగితం

మీరు ఇంకేం చేసినా చేయకపోయినా ఇది మాత్రం చేయండి. ఒక తెల్ల కాగితం తీస్కోండి. మీ పనిచోట మనిషిని చంపగలిగేవి ఏమేం ఉన్నాయో రాయండి. పొడుగ్గా అక్కర్లేదు, మా ప్లాంట్లో రాస్తే వచ్చినవి ఇవి: అమ్మోనియా (ఫ్రీజర్లని చల్లబరిచే గ్యాసు) లైను, ఈటీపీ ట్యాంకు, ఐస్ క్రషర్, మెయిన్ ప్యానెల్, బాయిలర్, లోడింగ్ దగ్గర రివర్స్ వచ్చే లారీలు. రైస్ మిల్లులో అయితే ధాన్యం బిన్ను, ఎలివేటర్ గొయ్యి, బెల్టులు, బాయిలర్, బస్తాల నెట్టు. చెరువు దగ్గరైతే ముందు కరెంటు, తర్వాత ఈత రాని మనిషి ఒక్కడే రాత్రి కాపలా ఉండటం.

ప్రతిదాని ఎదురుగా ఒక పేరు, ఒక ఫోన్ నంబర్. డిపార్ట్‌మెంట్ పేరు రాయకండి, మనిషి పేరు. పగలు ఒక పేరు, రాత్రి ఒక పేరు. ఆ మనిషి దానికి కాపలాదారు అని కాదు అర్థం, ఆయన్ని అడక్కుండా దాన్ని ఎవరూ తెరవకూడదు, ఆపకూడదు, స్టార్ట్ చేయకూడదు అని. తాళం ఆయన దగ్గరే. ఆయన సెలవు పెడితే ఎవరికి తాళం ఇచ్చాడో పేరు మార్చి రాయాలి.

మా దగ్గర ఈ కాగితం పెట్టేటప్పుడు జరిగిన గొడవ ఇంకా గుర్తుంది, ట్యాంకు ఎదురుగా పేరు రాయించుకోడానికి ఎవరూ ముందుకి రాలేదు. "రాయించుకుంటే రేపు ఏదన్నా అయితే నన్నే పట్టుకుంటారు" అని. నిజానికి భయపడాల్సింది పేరు లేని ట్యాంకుకి. చివరికి మా పెద్ద ఫోర్‌మాన్, మేమంతా బాబాయ్ అని పిలుస్తాం, ఆయన పెన్ను తీస్కుని తన పేరు రాసుకుని ఒక షరతు పెట్టాడు, "తాళం నా దగ్గరుంటది, నేను లేనప్పుడు ఎండీ గారు చెప్పినా మూత తీయకూడదు, ఆ మాట కూడా ఇందులో రాయండి" అని. ఎండీ గారు సంతకం పెట్టారు. ఓనరూ, కార్మికుడూ పూచీ పంచుకోవడం అంటే నాకు తెలిసింది ఆ కాగితం మీద ఉన్న ఆ రెండు సంతకాలే.

రూల్స్ ప్రకారం ఫ్యాక్టరీలో 500 మంది, ఆపైన ఉంటే సేఫ్టీ ఆఫీసర్ ఉండాలి, ప్రమాదకరమైన ప్రాసెస్ అయితే 250కే. ప్రభుత్వం ఆర్డర్ ఇచ్చిన చోట సేఫ్టీ కమిటీ పెట్టాలి, అందులో మేనేజ్‌మెంట్ వాళ్ళూ కార్మికులూ ఇద్దరూ ఉండాలి. మన దగ్గర చాలా యూనిట్లకి అంతమంది ఉండరు, కాబట్టి ఆ కాగితమే మీ కమిటీ అనుకోండి. కమిటీ ఉన్నచోట పీలింగ్ (రొయ్య పొట్టు తీయడం) చేసే ఆడవాళ్ళలోంచి ఒకరన్నా ఉండేలా పట్టుబట్టండి, హాల్లో ఎవరికి కళ్ళు మండాయో ముందు తెలిసేది వాళ్ళకే.

ట్యాంకు

ఇది ఎక్కువ రాస్తా.

రొయ్య తలలు, పొట్టు, కడిగిన నీళ్ళు అన్నీ వెళ్ళి చేరేది ఈటీపీలోకి. అడుగున బురద పేరుకుంటుంది, గాలి తగలక కుళ్ళుతుంది, అందులోంచి హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కుళ్ళిన గుడ్డు కంపు. పైన నిలబడితే కంపు తక్కువే అనిపించొచ్చు, ఎందుకంటే ఈ గ్యాసు గాలికంటే బరువు, కిందే కూర్చుంటుంది, బురదలో కూడా ఇరుక్కుని ఉంటుంది, పార పెట్టి కదిపితే ఒక్కసారిగా బయటికి వస్తుంది. ఇంకా దారుణం ఏంటంటే ఎక్కువ మోతాదులో, 100 పీపీఎం (పది లక్షల పాళ్ళ గాలిలో వంద పాళ్ళు) దగ్గరికి వచ్చేసరికి ముక్కు పనిచేయడం మానేస్తుంది, కంపు తగ్గింది కదా అని మనిషి ఇంకో మెట్టు దిగుతాడు. కంపు లేకపోవడం క్షేమం కాదు అని మీ మనుషులకి ఒకటికి పదిసార్లు చెప్పండి.

కంపు లేని ట్యాంకులు కూడా అంతే. 2023 ఫిబ్రవరి 9న పెద్దాపురం మండలం జి.రాగంపేటలో నూనె ట్యాంకులో ఏడుగురు పోయారు. మూసి ఉన్న ట్యాంకులో ఆక్సిజన్ తగ్గిపోతుంది. మామూలు గాలిలో 20.9 శాతం ఉండాలి, 19.5కి కింద ఉంటే దిగకూడదు. ఊపిరి ఆడట్లేదని మనిషికి తెలిసేలోపే కాళ్ళు పట్టు తప్పుతాయి, కేకెయ్యడానికి కూడా టైం ఉండదు.

దిగాల్సి వస్తే ఎలా అన్నదానికంటే ముందు, దిగకుండా అవుతుందా అని అడగండి. పైనుంచే బురద లాగే పంపు, వాక్యూం ట్యాంకరు, పొడుగు పైపుతో వాటర్ జెట్, ఇవి అద్దెకి దొరుకుతాయి. పంపు చోక్ అయ్యిందా, చైన్ కట్టి పంపునే పైకి లాగండి, మనిషిని కిందకి దింపకండి. మేం అయితే పంపుకి పర్మనెంటుగా స్టీలు చైన్ కట్టేశాం, చైన్ బ్లాక్‌తో పావుగంటలో పైకి వస్తుంది, ఆ తర్వాత ఆ ట్యాంకులోకి దిగాల్సిన అవసరం చాలావరకు పోయింది.

ఇంక తప్పదు అనుకుంటే చేయాల్సింది ఇలా. ట్యాంకులోకి వచ్చే లైన్లన్నీ ఆపి వాల్వులకి తాళం. మూతలన్నీ తీసి బ్లోయర్‌తో గాలి కొట్టాలి, అరగంటన్నా. ఉత్త ఆక్సిజన్ సిలిండర్ మాత్రం ఎప్పుడూ వదలకండి, చిన్న నిప్పుకే భగ్గుమంటుంది. గ్యాస్ మీటర్ తాడుకి కట్టి పైన, మధ్యలో, అడుగున మూడుచోట్లా చూడాలి, ఆక్సిజన్, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్, మండే గ్యాసు నాలుగూ చూపించే మీటరు ఉంటుంది. పరీక్షించినతను రాతపూర్వకంగా సర్టిఫికెట్ ఇవ్వాలి, లేదంటే దిగే మనిషికి గాలి అందించే బ్రీతింగ్ సెట్ ఉండాలి, నడుముకి బెల్టూ తాడూ ఉండి తాడు కొస బయట మనిషి చేతిలో ఉండాలి, ఇది 1948 చట్టంలో 36వ సెక్షన్ నుంచీ ఉన్నదే, కొత్తదేం కాదు. లోపలికి తీసుకెళ్ళే లైటు 24 వోల్టులకి మించకూడదు. మామూలు 230 వోల్టుల బల్బు హోల్డర్ తాడుకి కట్టి దింపడం నేను కళ్ళారా చూశా, తడి ట్యాంకులో.

బయట తాడు పట్టుకున్న మనిషికి ఇంకో పని చెప్పకూడదు. టీ తెమ్మనీ, ఫోన్ వచ్చింది చూడమనీ, ఏదీ వద్దు. లోపలున్న మనిషితో రెండేసి నిమిషాలకి మాట్లాడుతూ ఉండాలి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. లోపలున్న మనిషి పడిపోతే మీరు దిగకండి. మీ అన్నైనా తమ్ముడైనా దిగకండి. ఇది రాస్తుంటే నాకూ గుండె బరువుగానే ఉంది, కానీ ఇలాంటి ట్యాంకు ప్రమాదాల్లో ప్రపంచమంతా పోయినవాళ్ళలో చాలామంది కాపాడ్డానికి దిగినవాళ్ళే. తాడు ఉంటే లాగండి, బ్లోయర్ ఫుల్లుగా పెట్టండి, 101కి ఫైర్‌వాళ్ళకి ఫోన్ చేయండి, 108కి చేయండి, "ట్యాంకులో గ్యాసు, బ్రీతింగ్ సెట్లు కావాలి" అని చెప్పండి. తాడు కట్టకుండా మనిషిని దింపారంటే వాడు పడితే పైకి తెచ్చే దారి మన దగ్గర లేదన్నమాట, ఆ సంగతి దింపక ముందే గుర్తుండాలి.

అమ్మోనియా

ఐస్ ప్లాంటు, కోల్డ్ స్టోరేజీ, బ్లాస్ట్ ఫ్రీజర్ ఉన్నచోటల్లా ఇది ఉంటుంది. మంచి గుణం ఒకటే, అయిదు పీపీఎం దగ్గరే చాలామంది ముక్కుకి తెలిసిపోతుంది, అంటే ముందే చెప్పేస్తుంది. 300 పీపీఎం దగ్గర ఆ చోట ఉండటం ప్రాణానికి ముప్పు కిందే లెక్క. అసలు గ్యాసుగా గాలికంటే తేలికే, కానీ లీకైనప్పుడు చల్లగా తెల్ల పొగలా మన తేమ గాలిలో కలిసి నేలబారుగా పాకుతుంది, అందుకని వంగి పరిగెత్తితే సరిపోతుందని లెక్క వేసుకోకండి. గాలిలో 15 నుంచి 28 శాతం మధ్య ఉంటే అంటుకుంటుంది కూడా, కాబట్టి కంప్రెసర్ రూంలో లీకు వస్తే లోపల స్విచ్చులు వెయ్యడం తియ్యడం వద్దు, ఎమర్జెన్సీ స్టాప్ బటన్ రూం బయట ఉండాలి.

ఆపరేటర్‌గా నా అనుభవంలో చెప్పేది, లీకులు ఎక్కువ ఆయిల్ డ్రెయిన్ చేసేటప్పుడు వస్తాయి. రిసీవర్ (లిక్విడ్ అమ్మోనియా నిలవుండే ట్యాంకు) కింద వాల్వు తిప్పి బకెట్ పెట్టి, ఆయిల్ నెమ్మదిగా కారుతోంది కదా అని మనిషి రెండడుగులు పక్కకి వెళ్తాడు. ఆయిల్ అయిపోయాక వెనకాల లిక్విడ్ అమ్మోనియా తోసుకొస్తుంది. చెయ్యి వదిలితే దానంతటదే మూసుకునే స్ప్రింగు వాల్వు పెట్టించమని అడగండి, పెద్ద ఖర్చు కాదు. ఒక్కడే ఎప్పుడూ డ్రెయిన్ చేయకూడదు, రెండో మనిషి తలుపు దగ్గర.

బ్రీతింగ్ సెట్ ఎక్కడుంది మీ దగ్గర? నేను పనిచేసిన ఒకచోట మేనేజర్ గారి కేబిన్‌లో బీరువాలో ఉండేది, తాళం వేసి, పోతుందని. ఇంకోచోట కంప్రెసర్ రూం లోపలే గోడకి వేలాడేది, లీకైతే అదే రూంలోకి వెళ్ళి తెచ్చుకోవాలి. రెండు సెట్లు బయట, రెండు వేర్వేరు వైపుల, తాళం లేని పెట్టెలో ఉండాలి. క్యానిస్టర్ మాస్కు (ఫిల్టర్ డబ్బా బిగించిన మాస్కు) చిన్న వాసనకి పర్లేదు, పెద్ద లీకులోకి దాంతో వెళ్ళకూడదు.

ఇంక గాలి. ప్రమాదం వస్తే అందరూ వచ్చి చేరాల్సిన చోటుకి అసెంబ్లీ పాయింట్ అని ఆకుపచ్చ బోర్డు ఒకేచోట పాతేస్తారు. మన దగ్గర పొద్దున్న ఒకవైపు నుంచి వీస్తుంది, మధ్యాహ్నం పైరగాలి తిరుగుతుంది. మా ప్లాంట్లో బోర్డు ఉత్తరం గేటు దగ్గర ఉండేది, సాయంత్రం డ్రిల్లులో చూస్తే కంప్రెసర్ రూం మీదుగా వచ్చే గాలంతా సూటిగా ఆ గేటు మీదకే, అంటే లీకైతే 200 మంది ఆడవాళ్ళని గ్యాసు ముందు నిలబెట్టినట్టు. కప్పు మీద వెదురు కర్రకి ఎర్ర గుడ్డ కట్టాం, దక్షిణం వైపు ఇంకో గేటు తెరిపించాం, గుడ్డ ఎటు ఎగురుతోందో చూసి దానికి అడ్డంగా, తర్వాత గాలికి ఎదురుగా వెళ్ళాలని అందరికీ నేర్పించాం. చూసిన వెంటనే అర్థమైపోతుంది, చదువు రాకపోయినా. మూడు నెలలకోసారి డ్రిల్లు చేయండి, రాత్రి షిఫ్టులో కూడా, కరెంటు తీసేసి కూడా ఒకసారి.

కళ్ళలో పడితే 15 నిమిషాలు తగ్గకుండా ధారగా నీళ్ళు, రుద్దకుండా. తడి టవల్ ముక్కుకి పెట్టుకోవడం బయటికి పారిపోవడానికి మాత్రమే, లోపలికి వెళ్ళడానికి కాదు. నేల మీద లిక్విడ్ మడుగు ఉంటే దాని మీద నేరుగా నీళ్ళు కొట్టకండి, ఇంకా ఎక్కువ ఆవిరి లేస్తుంది, గాలిలో ఉన్న పొగ మీద సన్నటి స్ప్రే కొట్టాలి, అదీ ఫైర్‌వాళ్ళు చేస్తే మంచిది.

మిల్లు

ధాన్యం బిన్నులో ధాన్యం కట్టుకుపోయి కిందకి జారనప్పుడు, పైనుంచి మనిషి ఎక్కి కాలితో తొక్కడం మామూలు. కింద గేటు తెరిచి ఉంటే ఆ ధాన్యం ఊబిలా లాగేస్తుంది, కొన్ని సెకన్లలోనే నడుం దాకా, ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు లాగినా రాడు. కింద గేటు మూసి ఎలివేటర్ ఆపి తాళం వేయకుండా బిన్నులోకి కాలు పెట్టకూడదు, బయటినుంచే పొడుగు కర్రతో పొడవాలి.

మా బావ ఒక మిల్లులో రెండు వేళ్ళు పోగొట్టుకున్నాడు, మోటార్ ఆపే చేయి పెట్టాడు, స్విచ్ దగ్గరున్న కుర్రాడికి తెలీక ఆన్ చేశాడు. పాత వైర్‌మాన్‌లు ఫ్యూజు క్యారియర్ పీకి జేబులో వేసుకునేవాళ్ళు, అదే అసలు పద్ధతి. ఇప్పుడు ఎంసీబీలకి (ఫ్యూజు బదులు పెట్టే స్విచ్చులు) తాళం వేసే క్లిప్పులు వస్తున్నాయి, లోపల చెయ్యి పెట్టేవాడి తాళం, తాళంచెవి వాడి జేబులోనే. ఇద్దరు పనిచేస్తే రెండు తాళాలు. సూపర్వైజర్ తాళం సరిపోదు.

చెరువు గట్టు కరెంటు

ఏరియేటర్ల (చెరువు నీళ్ళలో గాలి కలిపే మోటార్లు) వైర్లు గట్టు మీద, గడ్డిలో, నీళ్ళలో, అతుకులు టేపు చుట్టి. వానాకాలం రాత్రి ఒక ఏరియేటర్ ఆగితే ఆక్సిజన్ పడిపోయి రొయ్య చచ్చిపోతుందని కాపలా కుర్రాడు చీకట్లో చెరువులోకి దిగి దాన్ని కదుపుతాడు, అలాగే పోతాడు. స్టార్టర్ బాక్సులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి, కరెంటు లీకైతే వెంటనే సప్లై తెంచేసే స్విచ్చు అది. ఒక్కో బాక్సుకి సరైన ఎర్తు గొయ్యి. అతుకులు నీళ్ళకి పైన కర్రకి కట్టి ఉంచండి. మోటార్ ముట్టుకునే ముందు మెయిన్ ఆఫ్, ఇద్దరు మనుషులు. ఆర్‌సీసీబీ మాటిమాటికీ ట్రిప్ అవుతోందని దాన్ని బైపాస్ చేసేస్తున్నారు చాలామంది, ట్రిప్ అవుతోందంటే ఎక్కడో కరెంటు నీళ్ళలోకి పోతోందని అది చెప్తోంది, రొయ్యల కోసం ఆ కుర్రాడిని పణంగా పెట్టకండి దయచేసి.

పీలింగ్ హాల్లో

అక్కలూ, పిన్నులూ, మీకు ఇది. గంటల తరబడి ఐస్ నీళ్ళు, క్లోరిన్ నీళ్ళలో చేతులు పెట్టి వేళ్ళ సందులు పాసిపోతాయి, గోళ్ళ చుట్టూ చీము పడుతుంది, అది పని వల్ల వచ్చిన జబ్బు, మీ ఒంటి తీరు కాదు. చిల్లు పడని గ్లౌజులు, లోపల నూలు గ్లౌజులు అడగండి, డబ్బులు కోస్తే ఆ పే స్లిప్ ఫోటో తీసి పెట్టుకోండి. వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైంకి రెట్టింపు. రాత్రి 7 దాటాక, ఉదయం 6 లోపు ఆడవాళ్ళ చేత చేయించాలంటే మీ అంగీకారం ఉండాలి, భద్రత ఏర్పాట్లు ఉండాలి, ఇంటికి ఎలా వెళ్తారన్నది కూడా అందులోదే. కిక్కిరిసిన ఆటోలో తెల్లారుజామున గట్టు రోడ్డు మీద వెళ్ళేటప్పుడు యాక్సిడెంట్ అయితే, పనికి వెళ్ళొచ్చే దారిలో జరిగింది కాబట్టి అది కూడా ఉద్యోగ ప్రమాదం కిందకి వస్తుంది.

ఈఎస్ఐ (కార్మికులకి వైద్యం, దెబ్బ తగిలితే డబ్బు ఇచ్చే ప్రభుత్వ బీమా): పదిమంది ఉన్న చోట, నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్ళందరికీ ఉండాలి. మీ జీతంలో 0.75 శాతం కోస్తారు, ఓనర్ 3.25 వేస్తారు. కోస్తున్నారు సరే, కడుతున్నారా? మీ ఐపీ నంబర్ (ఈఎస్ఐలో మీ నంబర్) అడిగి తీస్కోండి, పెహచాన్ కార్డు (ఈఎస్ఐ గుర్తింపు కార్డు) ప్రింట్ తీయించండి. కాంట్రాక్టర్ కట్టకపోతే ప్లాంటు ఓనరే కట్టి కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకోవాలి.

చెప్పడం ఎలా

నోటితో చెప్పింది ఎవరికీ గుర్తుండదు, రాయండి. పెద్ద భాష అక్కర్లేదు. ఇలా రాస్తే చాలు: "తేదీ ఇంత, టైం ఇంత. ఐస్ క్రషర్ బెల్టు మీద గార్డు లేదు. రాత్రి షిఫ్టులో దాని పక్కనుంచే నడుస్తున్నాం. చీర కొంగు గానీ చెయ్యి గానీ పట్టుకునే ప్రమాదం ఉంది. గార్డు బిగించే దాకా మెషిన్ ఆపమని కోరుతున్నాం. ఇట్లు, ముగ్గురి సంతకాలు." ఫోటో తీసి వాట్సాప్‌లో సూపర్వైజర్‌కి పంపండి, రెండు టిక్కులు నీలం అయ్యాక స్క్రీన్‌షాట్. ఒక్కరే సంతకం పెట్టకండి, ముగ్గురు నలుగురు పెట్టండి. సూపర్వైజర్ అయితే, ఆ మెసేజ్‌కి "చూశా, రేపు సాయంత్రంలోపు చేయిస్తా, అప్పటిదాకా ఆపేశాం" అని జవాబు రాయండి, ఆ జవాబు మిమ్మల్ని కూడా కాపాడుతుంది. పలకకపోతే ఫ్యాక్టరీల శాఖ ఇన్‌స్పెక్టర్‌కి (కొత్త కోడ్‌లో ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్ అంటున్నారు) అదే కాగితం పంపండి. ఎవరు ఫిర్యాదు చేశారన్నది బయటపెట్టకూడదని ఆయనకి చట్టంలోనే ఉంది.

ఓనర్లకి ఒక మాట, చెప్పినవాడిని పనిలోంచి తీసేశారంటే రెండోవాడు నోరు విప్పడు, ఆ తర్వాత మీకు తెలిసేది అంబులెన్స్ వచ్చాకే.

జరగరానిది జరిగితే

ముందు ఆస్పత్రి, మిగతావన్నీ తర్వాత. కానీ ఆస్పత్రిలో చేర్చేటప్పుడు "ఇంట్లో జారిపడ్డాడు" అని రాయించనివ్వకండి, ఒత్తిడి వస్తుంది, ఖర్చంతా మేం పెట్టుకుంటాం అంటారు. పనిలో దెబ్బ తగిలింది అని, ఎక్కడ, ఏ మెషిన్ దగ్గర అని రాయించండి. ఆ ఒక్క లైను లేక తర్వాత పరిహారం కోసం ఏళ్ళ తరబడి తిరిగిన కుటుంబాన్ని నేను దగ్గరుండి చూశా. 48 గంటలు పనికి రాలేని దెబ్బ అయినా, ప్రాణం పోయినా ఇన్‌స్పెక్టర్‌కి నోటీసు ఇవ్వాల్సింది మేనేజ్‌మెంటే. మెషిన్ కడిగేయకముందు ఫోటోలు తీయండి. పక్కనున్నవాళ్ళ పేర్లు రాసుకోండి.

ఈఎస్ఐ ఉంటే, కోలుకునే దాకా సగటు జీతంలో 90 శాతం వస్తుంది, చనిపోతే మీద ఆధారపడినవాళ్ళకి పెన్షన్. ఈఎస్ఐ లేకపోతే ఓనర్ నేరుగా పరిహారం ఇవ్వాలి. చావుకి లెక్క ఇలా, నెల జీతంలో సగం, దాన్ని వయసుని బట్టి చట్టం పట్టికలో ఉన్న అంకెతో హెచ్చించాలి. జీతం ఎంతున్నా లెక్కకి 15,000 దాకానే తీసుకుంటారు. 40 ఏళ్ళ మనిషికి పట్టికలో అంకె 184.17, అంటే 7,500 ఇంటూ 184.17, మొత్తం 13,81,275 రూపాయలు. పూర్తి అంగవైకల్యం అయితే సగం బదులు 60 శాతం. కాంట్రాక్టర్ మనిషే కదా అని ప్లాంటు ఓనర్ తప్పుకోడానికి లేదు, ముందు ఇచ్చి తర్వాత కాంట్రాక్టర్ దగ్గర తీసుకోవాలి. నెలలోపు ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ. క్లెయిం వేయడానికి రెండేళ్ళు టైం. ఊళ్ళో పెద్దమనుషుల ముందు రెండు లక్షలకి సెటిల్ చేసుకుని తెల్లకాగితం మీద వేలిముద్ర వేసే ముందు ఆ లెక్క ఒకసారి చేసి చూసుకోండి.

అపాయింట్‌మెంట్ లెటర్, ఐపీ నంబర్, పే స్లిప్పులు, కాంట్రాక్టర్ ఫోన్ నంబర్, ఇవన్నీ జిరాక్స్ తీసి ఒక కవర్లో పెట్టి ఇంట్లో బియ్యం డబ్బా పక్కనో బీరువాలోనో పెట్టండి, ఎక్కడ పెట్టారో ఇంట్లోవాళ్ళకి చూపించండి. మా ఇంట్లో మా ఆవిడకి తెల్సు, దేవుడి గూట్లో పసుపు రంగు కవరు.